గట్టు మీద చోటు

కొత్తగా ఇల్లు కట్టించేవాళ్ళెవరూ వంటింటి గట్టు గురించి ముందుగా ఆలోచించరు. హాలు ఇన్ని అడుగులు, పడగ్గది ఇన్ని అడుగులు, వీధి వరండాకి గ్రిల్లు ఏ డిజైను అని నెలల తరబడి చర్చలు జరుగుతాయి. గట్టు మాత్రం మేస్త్రీ దయ. గృహప్రవేశం మర్నాడు పాలగిన్నె ఒక చేత్తో, పప్పుగిన్నె ఇంకో చేత్తో పట్టుకుని, రెంటినీ ఎక్కడ దింపాలో తెలియక నిలబడ్డప్పుడు గాని ఇల్లాలికి అసలు సంగతి బోధపడదు.

మా గట్టు నాలుగడుగులు. స్టవ్వు రెండడుగులు మింగేసింది. మిక్సీ ఒక అడుగు. మిగిలిన అడుగులో నేను పాతికేళ్ళుగా కాపరం చేస్తున్నాను. ఈ ఏడు చీటీ డబ్బు చేతికొస్తే గట్టుని కిటికీ దాకా పొడిగించి నల్లరాతి పలక వేయించాలని ముచ్చట పడ్డాను. సరిగ్గా అప్పుడే మా అమ్మాయికి కంప్యూటర్లో గట్టు చాలలేదు!

మా అమ్మాయి బొమ్మలకి ప్రాణం పోసే చదువు, అదేలెండి, యానిమేషన్ చదువుతోంది. దానికి మంచి గ్రాఫిక్స్ కార్డు కావాలి. మరీ ఖరీదైనవి మాలాంటి వాళ్ళు కొనగలిగేవి కావు. మధ్యరకంలోనే చూసుకుంది. అంతవరకూ మాకు తెలుసు, ఒప్పుకున్నాం కూడాను. ఆఖరి నిమిషంలో వచ్చి, "అమ్మా, ఎనిమిది జీబీ కాదు, పదహారు జీబీది కావాలి. ఏడు వేలు ఎక్కువ" అంది.

"రెండూ ఒకే కంపెనీయా?" అన్నాను, మిక్సీ కొనేటప్పుడు అడిగినట్టే.

"ఒకే కంపెనీ, ఒకే పేరు, ఒకే చిప్పు. మెమరీ ఒక్కటే రెట్టింపు."

మావారు పేపరు కిందికి దించారు. "చిప్పు అదే అయినప్పుడు పనీ అదేగా! రెట్టింపు మెమరీ ఏం చేసుకుంటావే, ఊరగాయ పెట్టుకుంటావా?" అన్నారు.

మా అక్క కొడుకు బాబి కూడా అక్కడే ఉన్నాడు. "దండగ పిన్నీ! నేను ఎనిమిదితోనే రోజంతా ఆడుతున్నా. ఒక్కసారి కూడా ఆగలేదు" అన్నాడు. రోజంతా ఆడుతున్న సంగతి వాళ్ళమ్మతో చెప్పనని వాడికి మాటిచ్చాను. ఇక సికింద్రాబాదు పార్కులేన్లో కొట్టు కుర్రాడున్నాడు చూశారూ, "పదహారు తీసుకోండి మేడం, పదేళ్ళు వెనక్కి తిరిగి చూసుకోనక్కర్లేదు" అన్నాడు. అమ్ముకునేవాడు ఇంకేమంటాడు?

నలుగురు నాలుగు మాటలన్నారు. మధ్యలో నా ఏడు వేలు. ఏ తగువైనా మొదట ఎక్కడ పుట్టిందో తెలుసుకుంటే సగం తీరుతుందని మా అమ్మమ్మ అనేది. అంచేత ఓ వారం రోజులు కూచుని ఈ వీడియో మెమరీ అనేదాని పుట్టుపూర్వోత్తరాలు చదివాను. చదువుతూంటే నవ్వొచ్చింది. ఈ తగువు మా అమ్మాయితో మొదలైంది కాదు. యాభై ఏళ్ళ నాటిది.

కంప్యూటరు తెర మీద బొమ్మంటే మరేం లేదు, చుక్కల ముగ్గు. అడ్డానికి ఇన్ని చుక్కలు, నిలువుకి ఇన్ని చుక్కలు. ప్రతి చుక్కకీ ఏ రంగో ఎక్కడో ఒకచోట రాసి పెట్టుకోవాలి. ఆ రాసి పెట్టుకునే చోటే వీడియో మెమరీ. చుక్కలు పెరిగితే చోటు పెరగాలి, రంగులు పెరిగినా చోటు పెరగాలి. మొదట్లో కథంతా ఇంతే.

ఆ చోటు బంగారం కన్నా ప్రియంగా ఉన్న రోజుల్లో, 1973లో, అమెరికాలో జిరాక్స్ కంపెనీ వారి పరిశోధనశాలలో రిచర్డ్ షూప్ అనే ఆయన సూపర్ పెయింట్ అని ఒక యంత్రం తయారుచేశాడు. తెర మీది మొత్తం బొమ్మని, చుక్కకి 256 రంగుల చొప్పున, మెమరీలో దాచిపెట్టిన తొలి యంత్రాల్లో అదొకటి. దానికి పట్టిన చోటు సుమారు 3 లక్షల బైట్లు. ఈనాడు మన ఫోనులో పెళ్ళిఫోటో ఒక్కటే దానికి ఎన్నో రెట్లుంటుంది. అప్పట్లో ఆ కాస్త చోటుకే ఒక బీరువా నిండా చిప్పులు పేర్చాల్సి వచ్చింది.

మరి ఇళ్ళల్లో ఆటలాడుకునే పెట్టెలకి అంత ఎక్కణ్ణించి తెస్తారు? 1977లో వచ్చిన అటారి 2600 అనే ఆటపెట్టెలో ఉన్న మొత్తం మెమరీ 128 బైట్లు. లక్షలు కాదు, వేలు కాదు, అక్షరాలా నూట ఇరవై ఎనిమిది. బొమ్మ దాచడానికి చోటే లేదు. టీవీ తెర మీద గీత గీత చొప్పున వెలుగు పరిగెడుతూంటే, ఆ గీతకి కావలసిన రంగులు అప్పటికప్పుడు అందించాలి. గట్టే లేని వంటిల్లన్న మాట. పూరీ నూనెలోంచి తీసి తిన్నగా విస్తట్లో వెయ్యాలి. ఒక్క క్షణం ఆలస్యమైతే పంక్తి దాటిపోతుంది! అలాంటి దాంట్లో ఆటలు రాసినవాళ్ళ నేర్పుకి చెయ్యెత్తి దణ్ణం పెట్టాలి.

1981లో ఐబీఎం వారు పర్సనల్ కంప్యూటరు తెచ్చినప్పుడు రంగుల కార్డుకి 16 కేబీ మెమరీ ఇచ్చారు. లెక్క చూడండి, ఎంత ముచ్చటగా ఉందో. అడ్డం 320 చుక్కలు, నిలువు 200, మొత్తం 64,000. రంగులు నాలుగే కనక నాలుగు చుక్కలకి ఒక బైటు చాలు. అంటే 16,000 బైట్లు. 16 కేబీ అంటే 16,384. ఇంకా 384 బైట్లు మిగిలాయి. నెలాఖరున జీతంలో మిగిలే చిల్లరలా!

1987లో అదే కంపెనీ వీజీఏ అని తెచ్చింది. ఇందులో 256 కేబీ. 640 అడ్డం, 480 నిలువు, 16 రంగులు. ఇది హాయిగా పట్టింది. కానీ మనిషికి ఆశ ఆగుతుందా? అదే చుక్కలకి 256 రంగులు కావాలన్నారు. అందుకు 3,07,200 బైట్లు కావాలి. ఉన్నవి 2,62,144. ఓ 45 వేల బైట్లు తక్కువ. ముగ్గుకి చుక్కలన్నీ పెట్టాక పిండి అయిపోయినట్టయింది. అంచేత తర్వాత వచ్చిన కార్డుల్లో 512 కేబీ పెట్టారు. 1,024 అడ్డం, 768 నిలువు కావాలంటే అదీ చాలదు, ఒక ఎంబీ ఉండాలి. కొన్ని కార్డుల మీద ఖాళీ గుంటలు వదిలేవారు, తర్వాత డబ్బులున్నప్పుడు చిప్పులు కొని గుచ్చుకోమని. ఎంత మంచి రోజులు! ఇప్పటి కార్డులకి ఆ సదుపాయం లేదు. కొన్న రోజున ఎంతుందో అంతే, కడదాకా అంతే. అందుకే ఈ తగువు ఇంత ముదిరింది.

ఆ రోజుల్లో ఒక విషయం మాత్రం నిక్కచ్చిగా ఉండేది. మెమరీ చాలితే బొమ్మ వస్తుంది, చాలకపోతే రాదు. ఎక్కువ మెమరీ వల్ల వేగం వస్తుందా రాదా అన్న చర్చే లేదు. చర్చంతా ఆటల్లో మూడు కొలతల బొమ్మలు వచ్చాక మొదలైంది.

ఇక్కడ నా గట్టు మళ్ళీ అక్కరకొస్తుంది, కాస్త ఓపిక పట్టండి. గ్రాఫిక్స్ చిప్పు వంటమనిషి అనుకోండి. వీడియో మెమరీ గట్టు. కంప్యూటరులో మామూలు మెమరీ సామాన్ల గది. డిస్కు వీధి చివర కిరాణా కొట్టు. తెర మీద కనబడే బొమ్మ వడ్డించిన విస్తరి. ఆ విస్తరికి పెద్ద చోటక్కర్లేదు. ఈనాటి మామూలు తెరకి 1,920 అడ్డం, 1,080 నిలువు. చుక్కకి నాలుగు బైట్ల చొప్పున వేసుకున్నా 8 ఎంబీ దాటదు. ఎనిమిది జీబీలో అది వెయ్యో వంతు. మరి తక్కిన తొమ్మిది వందల తొంభై తొమ్మిది వంతులూ ఏం చేస్తున్నాయి?

సరుకులు! ఆటలో ఒక గోడ కనబడితే దాని మీది పెచ్చులూ నాచూ అన్నీ ఒక బొమ్మగా ముందే దాచి ఉంటాయి. వీటిని టెక్స్‌చర్లంటారు. బట్టకి అద్దకంలాంటివి. కొంచెం దగ్గరగా చూసినా చెదరని అద్దకం కావాలంటే అడ్డం 4,096, నిలువు 4,096 చుక్కలు. నలిపి చిన్నది చేసి దాచినా ఒక్కొక్కటి 16 ఎంబీ, నలపకపోతే 64 ఎంబీ. ఒక వీధి చూపించాలంటే ఇలాంటివి వందలు. ఇవి కాక నీడల లెక్కలు, నీళ్ళలో ప్రతిబింబాల లెక్కలు, వస్తువుల ఆకారాలు. ఇవన్నీ వంటమనిషి చేతికందేలా గట్టు మీదే ఉండాలి.

1996లో త్రీడీఎఫ్‌ఎక్స్ అనే కంపెనీ వూడూ అనే కార్డు తెచ్చింది. నాలుగు ఎంబీల్లో రెండు విస్తరికి, రెండు సరుక్కి. 1998లో వూడూ 2 వచ్చింది. దీన్ని రెండు రకాలుగా అమ్మారు, 8 ఎంబీ, 12 ఎంబీ అని. విస్తరికి రెంటిలోనూ నాలుగే. సరుకు చూసుకునే చిప్పులు రెండుండేవి, తోడికోడళ్ళలాగ. ఎవరి గట్టు వారిదే. చిన్న కార్డులో తలా రెండు ఎంబీ, పెద్దదాంట్లో తలా నాలుగు. ఒకే సరుకు తరచు ఇద్దరి దగ్గరా ఉండాల్సి వచ్చేది కనక చోటు ఇంకా ఇరుకు. అదిగో, "ఆ నాలుగు ఎంబీలకి ఎక్కువ డబ్బు పెట్టాలా వద్దా?" అని కుర్రకారు కొట్టుకోవడం అప్పటికే ఉంది. ఆనాటి ఆటలకి ఎనిమిది చాలన్నవాళ్ళు ఆనాటికి నిజమే చెప్పారు. సరుకు పెరిగిన కొత్త ఆటలొచ్చాక పన్నెండువాళ్ళు నవ్వారు.

అదే ఏడు ఇంటెల్ కంపెనీ ఇంకో దారి పట్టింది. అసలు గట్టెందుకు, సామాన్ల గదికి వెడల్పాటి గుమ్మం పెడితే సరిపోదా అంది. ఏజీపీ అని కొత్త గుమ్మం అప్పటికే పెట్టారు. ఆ గుమ్మాన్ని నమ్ముకుని ఐ740 అనే కార్డు తెచ్చారు. సరుకంతా మామూలు మెమరీలోనే ఉంచి, కావలసినప్పుడల్లా తెచ్చుకోవడం. కాగితం మీద బాగానే ఉంది. ప్రతి పోపుగింజకీ సామాన్ల గదికి పరిగెత్తే వంటమనిషి ఎప్పటికి వండుతుంది చెప్పండి? 1999లో ఇంటెల్ ఆ వ్యాపారం నించి వెనక్కి తగ్గింది. ఇందులో తమాషా ఏమిటంటే, 2022లో ఇదే కంపెనీ మళ్ళీ కార్డుల వ్యాపారంలోకొచ్చి ఆర్క్ ఏ770 అనే మధ్యరకం కార్డుని 8 జీబీ అయితే 329 డాలర్లు, 16 జీబీ అయితే 349 డాలర్లు అని పెట్టింది. గట్టక్కర్లేదన్న వాళ్ళే గట్టు పెద్దది చూడండని పిలిచారు. అనుభవం అలాంటిది.

ఇంతవరకూ చదివి, అయితే ఎక్కువ మెమరీయే మంచిదని తేల్చేయబోతున్నారేమో, ఆగండి. నాకూ ఒక చేదు అనుభవముంది.

2004లో మా ఇంటికి మొదటిసారి కంప్యూటరు వచ్చింది. దానికి కార్డు కొనడానికి ఒక కొట్టుకెళ్ళాం. అట్టపెట్టె మీద 256 అని చెయ్యంత అంకె ముద్రించి ఉంది. పక్కనున్నది 128. మావారు లెక్కల మనిషి కదా, రెట్టింపున్నదే తీసుకున్నారు. ఇంటికి తెచ్చి పెడితే ఆటలో కారు మనిషి నడిచినట్టు నడిచింది. తర్వాత తెలిసినవాళ్ళు చూసి నాలిక చప్పరించారు. చిప్పు నీరసపుది, దానికీ మెమరీకీ మధ్య దారి సగానికి సగం ఇరుకు. 128ది చిప్పూ మంచిదే, దారీ వెడల్పే. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని ఉందన్నట్టు, గట్టు పది అడుగులుండి వంటమనిషి ఒంటిచేతి మనిషైతే ఏం లాభం?

కనక మెమరీకి రెండు కొలతలున్నాయని అప్పుడే తెలుసుకున్నాను. చోటు ఎంత అన్నది ఒకటి, చేతివాటం ఎంత అన్నది రెండోది. 1999 చివర్లో ఎన్విడియా వారి జీఫోర్స్ 256 వచ్చినప్పుడు ఇది బాగా రుజువైంది. అదే చిప్పు, అదే 32 ఎంబీ, కాకపోతే ఒకదానికి పాతరకం మెమరీ, ఇంకోదానికి కొత్తగా వచ్చిన డీడీఆర్ మెమరీ. చోటు ఒక్కటే అయినా రెండోది స్పష్టంగా ముందు నడిచింది.

ఇంకో మోసం కూడా ఉంది. పేరొక్కటే ఉంటుంది, మనిషి వేరు. 2016లో జీటీఎక్స్ 1060 అనే కార్డుని 3 జీబీ, 6 జీబీ అని అమ్మారు. తేడా మెమరీలోనే అనుకుంటాం కదా? చిన్నదాంట్లో పనిచేసే చేతులు 1,152, పెద్దదాంట్లో 1,280. వంటమనిషినే మార్చారు. అంతకు ముందు 2014లో వచ్చిన జీటీఎక్స్ 970 కథ మరీ రచ్చకెక్కింది. నాలుగు జీబీ అన్నారు. 2015 జనవరిలో తేలిందేమంటే, మూడున్నర జీబీ మటుకే వేగంగా పనిచేస్తుంది, చివరి అర జీబీ బాగా నెమ్మది. గట్టులో ఒక మూల నిచ్చెనేసుకుంటే గాని అందదన్న మాట. అమెరికాలో కొన్నవాళ్ళు కోర్టుకెక్కారు. 2016లో కార్డుకి 30 డాలర్ల చొప్పున ఇచ్చి రాజీ పడ్డారు. అర జీబీ కోసం కోర్టుకెక్కారంటే ఆ చోటు విలువ ఎంతో ఊహించుకోండి.

సరే, చిప్పూ అదే, దారీ అదే, వేగమూ అదే. ఒక్క చోటు మాత్రం రెట్టింపు. అప్పుడు? మా ఇంట్లో అసలు తగువు అదే కదా.

దీనికి మంచి ఉదాహరణ 2023లో దొరికింది. ఆర్‌టీఎక్స్ 4060 టీఐ అనే మధ్యరకం కార్డుని మే నెలలో 8 జీబీతో 399 డాలర్లకి, జులైలో 16 జీబీతో 499 డాలర్లకి పెట్టారు. తక్కినదంతా అచ్చు గుద్దినట్టు ఒకటే. ఎనిమిది, పదహారు అంటారేగాని పన్నెండు ఇవ్వరేమని నాకు సందేహమొచ్చింది. ఆ చిప్పుకి మెమరీ తగిలించే చోట్లు నాలుగే. ఒక్కో మెమరీ చిప్పు రెండు జీబీ. నాలుగు రెళ్ళు ఎనిమిది. పదహారు కావాలంటే అట్టకి వెనకవైపు కూడా నాలుగు అతికిస్తారు. అంతే. అందుకే 2021లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 3060కి, దానికి చోట్లు ఆరు కనక, 12 జీబీ వచ్చింది. దానికన్నా ఖరీదైన 3070కి 8 జీబీయే! పెద్దకోడలికి చిన్న గది, చిన్నకోడలికి పెద్ద గది ఇచ్చినట్టు. ఇలాంటివి లెక్క ప్రకారం జరుగుతాయి గాని న్యాయం ప్రకారం జరగవు.

ఆ రెండు 4060 టీఐ కార్డుల్నీ పక్కపక్కన పెట్టి పరీక్షించారు. చాలా ఆటల్లో తేడా ఇసుమంత కూడా లేదు. మావారన్న మాట నిజమే! గట్టు మీద వస్తువులన్నీ పట్టినప్పుడు గట్టు ఇంకా పొడుగుంటే వంట త్వరగా అవుతుందా? అవదు. ఖాళీ చోటు ఖాళీగా ఉంటుంది. వంద డాలర్లు దండగన్నారు అందరూ.

కానీ పట్టనప్పుడు? అక్కడే ఉంది పేచీ. ఆ కార్డు తన గట్టు మీంచి సెకనుకి 288 జీబీ అందుకోగలదు. పట్టనిదాన్ని సామాన్ల గది నించి గుమ్మం గుండా తేవాలంటే సెకనుకి 16 జీబీ. పద్ధెనిమిదో వంతు. పాత కంప్యూటరులో పెడితే గుమ్మం ఇంకా సగమై 8 జీబీయే. అంచేత గట్టు చాలకపోవడమనేది కొంచెం కొంచెంగా తెలియదు. ఎనిమిదికి ఏడున్నర వాడినంత సేపూ ఏమీ ఉండదు. ఎనిమిదిన్నర అవగానే అంతా ఒక్కసారి తల్లకిందులవుతుంది. బొమ్మ గతుకుల రోడ్డు మీద బండిలా కుదుపులు కుదుపులుగా నడుస్తుంది. లేకపోతే తెలివైన ఆటలు కుదుపు రానివ్వకుండా, మంచి అద్దకం తీసేసి వెలిసిపోయిన అద్దకం చూపిస్తాయి. సరాసరి లెక్కలో ఇవేవీ కనబడవు. సరాసరి ఎప్పుడూ అంతే. కాళ్ళు నిప్పుల్లో, తల మంచులో పెట్టుకున్నవాడికి సరాసరిన ఒళ్ళు గోరువెచ్చగా ఉన్నట్టే.

2023 మొదట్లో హాగ్వార్ట్స్ లెగసీ, ది లాస్ట్ ఆఫ్ అస్ మొదటి భాగం అనే ఆటలు కంప్యూటర్లకి వచ్చినప్పుడు సరిగ్గా ఇదే జరిగింది. ఎనిమిది జీబీ కార్డులవాళ్ళకి కుదుపులు, వెలిసిన గోడలు. తర్వాత ఆటలు తయారుచేసినవాళ్ళు దిద్దుబాట్లు చేస్తే కొంత మెరుగుపడింది. అయితే హఠాత్తుగా అప్పుడే ఎందుకొచ్చింది ఈ కరువు?

కారణం కార్డుల్లో లేదు, టీవీకి తగిలించుకునే ఆటపెట్టెల్లో ఉంది. పెద్ద ఆటలన్నీ ముందుగా ఆ పెట్టెల్ని దృష్టిలో పెట్టుకుని తయారవుతాయి. 2013లో వచ్చిన ప్లేస్టేషన్ 4లో మొత్తం మెమరీ 8 జీబీ. అది వచ్చిన రెండు మూడేళ్ళకి 2 జీబీ కార్డులు ఆయాసపడ్డాయి. 2020లో వచ్చిన ప్లేస్టేషన్ 5లో 16 జీబీ. పాత పెట్టెకి ఆటలు చెయ్యడం తగ్గగానే, 2023కల్లా 8 జీబీ కార్డులకి ఆయాసం మొదలు. పెద్దింటివాళ్ళు పెళ్ళి విందుకి రకాలు పెంచితే, ఊళ్ళో అందరి గట్టులూ ఇరుకైపోతాయి చూడండి, అలాగ. 2016లో ఆర్‌ఎక్స్ 480 అని ఏఎండీ వారి కార్డు 4 జీబీ 199 డాలర్లకి, 8 జీబీ 239 డాలర్లకి వచ్చింది. ఆ రోజున నలభై డాలర్లు ఎక్కువిచ్చినవాళ్ళకి పెద్దగా ఒరిగిందేమీ లేదు. నాలుగైదేళ్ళ తర్వాత కార్డు మార్చకుండా నెట్టుకొచ్చింది వాళ్ళే. అంటే ఎక్కువ మెమరీ కొనడం వేగం కొనుక్కోవడం కాదు, కాలం కొనుక్కోవడం. పిల్లాడికి చొక్కా ఒక సైజు పెద్దది కుట్టించినట్టు.

అలాగని కొట్టు కుర్రాడి పదేళ్ళ మాట నమ్మకండి. చిప్పు ముసలిదయ్యాక ఎంత గట్టుంటే ఏం చేస్తుంది? మధ్యరకం కార్డుకి అయిదారేళ్ళు ఆయుర్దాయం అనుకోవడం మర్యాద.

2025లో మళ్ళీ ఇదే నాటకం. ఆర్‌టీఎక్స్ 5060 టీఐ 8 జీబీ 379 డాలర్లు, 16 జీబీ 429 డాలర్లు. ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ 8 జీబీ 299, 16 జీబీ 349. ఈసారి కంపెనీవాళ్ళే తేడాని వంద డాలర్ల నించి యాభైకి దింపారు. వంద దగ్గర దండగన్నవాళ్ళు యాభై దగ్గర మెత్తబడ్డారు. కూరగాయలవాడి దగ్గర మనం చేసేదీ అదేగా!

వారం రోజుల చదువయ్యాక మా ఇంట్లో పంచాయితీ పెట్టాను. "ఎవరూ వాదించకండి. కొలిచి చూద్దాం" అన్నాను. కంప్యూటరులో ఏ క్షణానికి ఎంత వీడియో మెమరీ వాడుకలో ఉందో చూపించే మీటరుంటుందట. కరెంటు మీటరులాగ. ముందు బాబి తన ఆట పెట్టి చూపించాడు. మామూలు తెర, ఆరు జీబీ. చూశావా పిన్నీ అన్నాడు. అయితే ఈ మీటరుని పూర్తిగా నమ్మకూడదని కూడా చదివాను. ఆటలు చోటుంది కదా అని అక్కర్లేనివి కూడా పేర్చుకుంటాయి. గట్టు ఎంతుంటే అంతా నిండుతుందని మనకి వేరే చెప్పాలా? కనక అంకె ఎక్కువ చూపించినా కంగారు పడనక్కర్లేదు, కుదుపులొస్తున్నాయా లేదా అన్నదే చూడాలి. కుదుపులొచ్చినా ఆటలో టెక్స్‌చర్లు ఒక మెట్టు తగ్గించుకుంటే తరచు సర్దుకుంటుంది. ఆడుతూ ఆడుతూ గోడ మీది నాచు లెక్కపెట్టేవాళ్ళెవరు?

మర్నాడు మా అమ్మాయి కాలేజీ ల్యాబులో పెద్ద కార్డున్న కంప్యూటరు మీద తన పరీక్ష బొమ్మ తెరిచి చూసి వచ్చింది. మొహం వాడిపోయి ఉంది. ఒక కోనేరు, చుట్టూ మెట్లు, దీపాలు, నీళ్ళల్లో ఆ దీపాల నీడలు. అది పూర్తి రూపానికి తెచ్చేటప్పుడు పదకొండు జీబీ పైన వాడిందట. యానిమేషన్ పనికీ ఆటకీ తేడా ఇక్కడే. అది అక్కర్లేనివి పేర్చుకోవడం కాదు. ఆ బొమ్మలో ఉన్నవన్నీ నిజంగా కావాలి. చోటు చాలకపోతే పని సామాన్ల గది దారి పట్టి గంటలకి గంటలు పాకుతుంది, లేదా చాలదని చెప్పి మధ్యలో చేతులెత్తేస్తుంది. "దీపాలు సగం తీసేస్తే ఎనిమిదిలో పడుతుందమ్మా" అంది, నా వంక చూడకుండా.

ఆ మాటతో నాకు గుండె కలుక్కుమంది. పాతికేళ్ళుగా నేనూ అదేగా చేస్తున్నాను. గట్టు చాలదని పండగ పూట రెండు రకాలు తగ్గించి వండడం, పులిహోర కలిపిన పళ్ళెం ఫ్రిజ్జు నెత్తి మీద పెట్టడం, అప్పడాల డబ్బా నేల మీద పెట్టి వంగుని తీసుకోవడం. ఎవరూ గమనించరు. పంక్తిలో కూచున్నవాళ్ళకి విస్తరి నిండుగానే కనబడుతుంది. చోటు చాలకపోవడమన్నది వండేవాళ్ళకి మాత్రమే తెలిసే కష్టం.

కాబట్టి మా ఇంట్లో అందరూ నిజమే చెప్పారు. పట్టినంత సేపూ ఎక్కువ చోటు దండగన్న మావారి మాట నిజం. తన ఆటకి ఎనిమిది చాలన్న బాబి మాట నిజం. చాలదన్న మా అమ్మాయి మాటా నిజమే. ఎవరి వంట సంగతి వాళ్ళు చెప్పారు. మీ ఇంట్లో ఈ తగువొస్తే నాలుగే ప్రశ్నలు అడగండి. రెండు కార్డుల్లోనూ చిప్పు నిజంగా ఒకటేనా? తెర మామూలుదా, చుక్కలు నాలుగింతలుండే పెద్దదా? పని ఆటా, లేక బొమ్మలు తయారుచెయ్యడమా? ఎన్నేళ్ళు వాడదామని? జవాబులు వస్తే ఏడు వేలు ఎటు వెళ్ళాలో అవే చెబుతాయి. మామూలు తెర, ఆటలు మాత్రమే, రెండు మూడేళ్ళ ముచ్చటైతే ఎనిమిది తీసుకుని మిగిలిన డబ్బు దాచుకోండి, తప్పులేదు.

మేం మాత్రం పదహారే తెచ్చాం. కోనేట్లో దీపాలన్నీ వెలిగాయి. మొన్న రాత్రి పూర్తయిన బొమ్మ చూపిస్తే మావారు పేపరు పూర్తిగా పక్కన పెట్టి చూశారు. "బాగుందే" అన్నారు. ఆయన నోట అది పెద్ద మాట.

చీటీ డబ్బులో మిగిలింది నల్లరాతి పలకకి చాలదు. మేస్త్రీని వచ్చే ఏడు రమ్మన్నాను. ఆ మాట విని మా అమ్మాయి, "అమ్మా, మొదటి జీతంతో నీ గట్టు నేను పొడిగిస్తాను, రెట్టింపు చేయిస్తాను" అంది.

"రెట్టింపెందుకే, ఎంత కావాలో ముందు కొలువు" అన్నాను.